రోజుకో గ్లాసు నీళ్ళు తాగే 800: లీకేజీ డైరీ

కారు 2003 మోడల్ మారుతి 800. తిరిగింది 1,12,000 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి డ్యూటీకి పోయి రావడం, రోజుకు 40 కిలోమీటర్లు చిల్లర. రేడియేటర్లో నీళ్ళు తగ్గుతున్నాయి కానీ కింద ఎక్కడా మడుగు లేదు. ఇదే పని మీద ఎవరైనా కూర్చుంటే నేను పోగొట్టుకున్న రోజులు వాళ్ళూ పోగొట్టుకోవద్దని తప్పులతో సహా రాసి పెడుతున్నా. ఈ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది, సామాన్లకు మాత్రం ఇప్పటికీ కొదవ లేదు.

దశ 1: ముందు కొలత (ఏప్రిల్ 6–10)

"రోజూ కొంచెం పోస్తున్నా" అనేది లెక్క కాదు. ఆ కొంచెం ఎంతో తెలియకపోతే, రేపు ఒక సామాను మార్చాక తగ్గిందో లేదో కూడా తెలియదు. పశువుల మందుల షాపులో 50 మి.లీ. సిరంజీ కొన్నా. పద్ధతి ఇది:

1. పొద్దున ఆరింటికి, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రోజూ గచ్చు మీద అదే చోట కారు.
2. మూత తీసి, రేడియేటర్ మెడ అంచు దాకా సిరంజీతో పోయాలి, ఎన్ని సిరంజీలో లెక్కపెట్టాలి.
3. పక్కనున్న రిజర్వ్ డబ్బా మీద టేపు ముక్క అంటించి అక్కడి మట్టం కూడా రాసుకోవాలి.
4. రాత్రి కారు కింద పెద్ద అట్ట. ముందు చక్రాలు ఎక్కడ ఆనుతాయో అట్ట మీద గీత గీసుకోవాలి, లేకపోతే చుక్క ఏ భాగం కింద పడిందో అర్థం కాదు.

వేడి మీద మూత తీయొద్దు. తెలిసిన విషయమే, అయినా రెండేళ్ళ కింద నేను తీశా, ముంజేతి మీద మచ్చ ఇంకా ఉంది.

ఏప్రిల్ 7: 41 కి.మీ., 190 మి.లీ.
ఏప్రిల్ 8: 41 కి.మీ., 210 మి.లీ.
ఏప్రిల్ 9: 40 కి.మీ., 180 మి.లీ.
ఏప్రిల్ 10: బండి కదల్లేదు, 60 మి.లీ.

నాలుగో అంకె మీద నేను అప్పుడు మనసు పెట్టలేదు. కదలని రోజు కూడా 60 పోయిందంటే, ప్రెజర్ లేనప్పుడు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతోందని అర్థం. అట్ట మీద చూస్తే మూడు చిన్న చుక్కలు, రేడియేటర్ అడుగున నీళ్ళు దింపే బిరడా ఉంటుంది కదా, సరిగ్గా దాని కింద.

ఖర్చు: 30 రూపాయలు. పని: 1 గంట.

దశ 2: పై పైపు మార్చా, తప్పు (ఏప్రిల్ 11)

బిరడా బిగించా, ఏం తేడా లేదు. పైన చూస్తే రేడియేటర్ నుంచి ఇంజన్‌కు పోయే పై రబ్బరు పైపు, ఇంజన్ వైపు చివర సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పైపు పాతది, నొక్కితే లోపల పటపటమంటోంది. ఇంకేముంది దొరికింది అనుకున్నా. పైపు 320, రెండు క్లిప్పులు 40.

పాత పైపు ఊడదీసినప్పుడు దాని కింది అల్యూమినియం మోచేతి పైపు బయటపడింది. దాని మీద తెల్లటి పొక్కుల్లాంటివి ఉన్నాయి. గుడ్డతో తుడిచి, కొత్త పైపు ఎక్కించి, క్లిప్పు గట్టిగా బిగించా. ఆ పొక్కుల్ని గోటితో ఒక్కసారి గీకి ఉంటే ఈ డైరీ సగానికి సగం తగ్గేది.

ఏప్రిల్ 12: 41 కి.మీ., 150 మి.లీ.
ఏప్రిల్ 13: 41 కి.మీ., 160 మి.లీ.

తగ్గింది. అదే నన్ను ముంచింది, పని సగం అయిందని నమ్మా.

ఇప్పటిదాకా ఖర్చు: 390. పని: 2.5 గంటలు.

దశ 3: ఇంట్లో చేసిన ప్రెజర్ టెస్టర్ (ఏప్రిల్ 14–16)

నా కారు రేడియేటర్ మూత మీద 0.9 అని ఉంటుంది. అంటే లోపల దాదాపు 13 పీఎస్ఐ దాకా ప్రెజర్ ఆపుతుంది, అందుకే నీళ్ళు 100 దాటినా మరగవు. చల్లటి ఇంజన్‌లో బయటి నుంచి అదే ప్రెజర్ ఎక్కిస్తే, చేతులు కాలకుండా నిదానంగా లీకు వెతుక్కోవచ్చు. షాపులో దొరికే టెస్టర్ ధర ఎక్కువ. నేను చేసుకున్నది ఇట్లా:

1. పాత రేడియేటర్ మూత ఒకటి, 30 రూపాయలు. లోపలి స్ప్రింగు, వాల్వు పీకేశా.
2. నడిమధ్యలో బెజ్జం, అందులోంచి ట్యూబ్‌లెస్ టైరుకు వేసే వాల్వు. పంక్చర్ షాపులో ఊరికే ఇచ్చాడు.
3. మెడకు ఆనే చోట లారీ ట్యూబు ముక్క గుండ్రంగా కోసి వాషరులా.
4. గేజి ఉన్న కాలి పంపు. ఇది ఇంట్లో ఉన్నదే.

మొదటిసారి 13 ఎక్కించా, రెండు నిమిషాల్లో సున్నా. ఇంత పెద్ద లీకు ఉంటే రోజుకు గ్లాసు కాదు, బిందె పోవాలి. సబ్బు నురగ పూసి చూస్తే బుడగలు నా టెస్టర్ వాల్వు మొదట్లోనే వస్తున్నాయి. 40 రూపాయల ఎపాక్సీ ముద్ద కొని చుట్టూ పెట్టి ఒక రాత్రి ఆరనిచ్చా. కాలి పంపు గేజిని పంక్చర్ షాపు గేజితో పోల్చి చూస్తే 1 పాయింట్ ఎక్కువ చూపిస్తోంది, దాన్ని తీసేసి రాసుకున్నా.

రెండోసారి 13 నుంచి పది నిమిషాల్లో 9కి దిగింది. లీకు ఉంది, కానీ కంటికి కనపడదు. టార్చి లైటు పట్టుకుని ఇరవై నిమిషాలు వెతికితే తడి దొరికింది ఒక్క చోటే, మళ్ళీ ఆ బిరడా దగ్గరే.

ఇప్పటిదాకా ఖర్చు: 460. పని: 6.5 గంటలు.

దశ 4: హెడ్ ప్యాకింగ్ టెన్షన్ (ఏప్రిల్ 18)

విసుగొచ్చి హైదరాబాద్ రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకుపోయా. మెకానిక్ మూత తీసి ఇంజన్ ఆడించాడు, నీళ్ళలో బుడగలు. "హెడ్ ప్యాకింగ్ వొయిందన్నా. గీ బుడగలు చూడు. హెడ్డు దించాలె, ఫేసింగ్ కొట్టియ్యాలె, తొమ్మిది వేలైతది." హెడ్ ప్యాకింగ్ అంటే సిలిండర్ల మీద కూర్చునే హెడ్డుకు, కింది ఇంజన్‌కు మధ్య ఉండే పొర. నేను నోరు మూసుకుని ఇంటికొచ్చా, ఆ రాత్రి సరిగా నిద్ర లేదు.

తెల్లారి ఒక్కొక్కటీ చూశా. ఆయిల్ పుల్ల తీస్తే ఆయిల్ నల్లగా శుభ్రంగా ఉంది, నీళ్ళు కలిస్తే మజ్జిగ రంగుకు తిరుగుతుంది. మూడు ప్లగ్గులూ ఒకే గోధుమ రంగు. నీళ్ళు పోయే సిలిండర్ ప్లగ్గు మిగతావాటికన్నా తెల్లగా కడిగినట్టుంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పై పైపు చేత్తో పట్టుకున్నా, నిమిషం దాకా మెత్తగానే ఉంది. ప్యాకింగ్ బాగా పోతే మంట గాలి నీళ్ళలోకి చొరబడి పైపు వెంటనే రాయిలా అవుతుంది. బావమరిది దగ్గర కంప్రెషన్ గేజి ఉంటే తెప్పించా, మూడు సిలిండర్ల మధ్య తేడా అర కేజీ కూడా లేదు.

మరి బుడగలు? పైపు మార్చినప్పుడు లోపల చిక్కిన గాలి. అరగంట మూత తీసి ఆడనిస్తే బుడగలు ఆగిపోయాయి. మెకానిక్‌ది మోసం అనను, బుడగ చూడగానే అందరికీ ముందు ప్యాకింగే గుర్తొస్తుంది. ఇదే ఊపులో రేడియేటర్ మూత కూడా కొత్తది వేశా, పాతదాని రబ్బరు అంచు పగిలి ఉంది.

ఇప్పటిదాకా ఖర్చు: 610. పని: 8.5 గంటలు.

దశ 5: పౌడరు డబ్బా (ఏప్రిల్ 20–30)

నీళ్ళు కారే చోటు వేరు, చుక్క పడే చోటు వేరు అని తలకెక్కడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇంజన్ ముందు భాగమంతా బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, అమ్మ పౌడరు డబ్బా తీసుకుని పైపులు, జాయింట్లు, పంపు, అన్నిటి మీదా పల్చగా చల్లా. అమ్మ వాకిట్లోంచి చూసి, "ఏందిరా, కారుకు పెండ్లి చేస్తున్నవా?" అంది. ముగ్గుపిండి మాత్రం వాడొద్దు. అది రాతి పొడి, బెల్టుల్లో, బేరింగుల్లో పడితే గరగర.

13 పీఎస్ఐ పెట్టి కూర్చున్నా. పన్నెండు నిమిషాలకు తెల్లటి పౌడరులో సన్నటి బూడిద రంగు గీత ఒకటి లేచింది. పై పైపు, మోచేతి పైపు కలిసే చోట, కింది వైపు. అక్కడ మొదలై, రబ్బరు పైపు అడుగు వెంటే జారి, రేడియేటర్ పక్కనుంచి దిగి, బిరడా దగ్గర చుక్కవుతోంది. ఇన్నాళ్ళూ నేను బిరడాను తిట్టుకున్నా.

క్లిప్పు విప్పి ఈసారి గోటితో గీకా. తెల్లటి పొక్కు ఊడి, కింద ఆవగింజ పట్టేంత గుంటలు, ఒకదాని పక్కన ఒకటి, అంచు దాకా. రబ్బరు ఎంత బిగించినా ఆ గుంటల్లోంచి నీళ్ళకు దారి ఉంది. వేడెక్కినప్పుడు రబ్బరు మెత్తబడి కొంత పూడుస్తుంది, వచ్చిన కాస్త తేమా వేడి లోహం మీదే ఆవిరై సున్నంలా మిగులుతుంది, అందుకే డ్యూటీ నుంచి రాగానే చూస్తే అంతా పొడి. చల్లబడ్డాక రబ్బరు బిగుసుకుపోయి రాత్రంతా చుక్క చుక్క. ఏప్రిల్ 10 నాటి 60 మి.లీ. ఇదే.

ముందు చేసిన అడ్డదారి: ఎమిరీ పేపరుతో రుద్ది, మిగిలిన ఎపాక్సీ ముద్ద గుంటల్లో నింపి, నున్నగా అరగదీశా. రెండు రోజులు 30 మి.లీ. లోపే. మూడో రోజు మళ్ళీ 140. విప్పితే ముద్ద పెచ్చులుగా లేచొచ్చింది. వేడికి అల్యూమినియం సాగే తీరు వేరు, అది సాగే తీరు వేరు.

26న పాత సామాన్ల షెడ్డులో మంచి మోచేతి పైపు దొరికింది, 200. పాతది విప్పగానే ఇంకో సంగతి బయటపడింది. దాని కింద ఉండాల్సిన థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనీకుండా ఆపే వాల్వు, లేదు, గూడు ఖాళీ. ఎండాకాలం ఇంజన్ వేడెక్కొద్దని ఎవరో ఎప్పుడో పీకేశారు. మా దిక్కు చాలామంది చేసే పనే. దాంతో ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మీటరు ముల్లు పావు దాటకపోతే ఇన్నాళ్ళూ నేను అది మంచిదే అనుకున్నా. కొత్త థర్మోస్టాట్ 260, దాని మీద 82 అని ఉంది. వేసే ముందు గిన్నెలో నీళ్ళు పోసి, దారానికి వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచా: 83 దగ్గర నోరు తెరవడం మొదలు, 95కి పూర్తిగా తెరుచుకుంది. ప్యాకింగ్ కాగితం 25.

ఏప్రిల్ 28: 41 కి.మీ., 20 మి.లీ.
ఏప్రిల్ 29: 41 కి.మీ., 25 మి.లీ.
ఏప్రిల్ 30: 40 కి.మీ., 20 మి.లీ.

ఇప్పటిదాకా ఖర్చు: 1,095. పని: 11.5 గంటలు.

దశ 6: కడుగుడు, కొత్త లీకు (మే 3–4)

ఇక్కడ ఆగొచ్చు. కానీ ఆ గుంటలు ఎందుకు పడ్డాయో చూడకుండా కొత్త అల్యూమినియం పెడితే అదీ అట్లనే పోతుంది. ఇన్నేళ్ళూ రేడియేటర్లో పోసింది బోరు నీళ్ళు. నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చెప్పే టీడీఎస్ మీటరు పెట్టి చూశా: మా బోరు 1,140, నల్లా నీళ్ళు 310, డిస్టిల్డ్ వాటర్ క్యాను 4. నల్లగొండ నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ మన ఊరి పేరే పెట్టింది కూడా. కానీ అది ఎముకల బాధ. రేడియేటర్‌ను చంపేది అదే నీళ్ళలో ఉండే సున్నపు గట్టిదనం, ఉప్పు. ఒకటి లోపల పెంకు కడుతుంది, ఒకటి లోహాన్ని తింటుంది.

బిరడా విప్పితే 2.9 లీటర్లు వచ్చాయి, సాంబారు రంగులో. అడుగున పసుపు పచ్చటి బురద. అది నిజంగా పసుపే. రెండేళ్ళ కింద కట్టంగూర్ దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోతే, ఒక లారీ డ్రైవర్ తన వంట డబ్బాలోంచి తీసి పోశాడు. ఆ రోజు లీకు ఆగింది, ఇంటికి చేరా, ఆయనకు దండం. మర్నాడే కడగకపోవడం నా బద్ధకం.

కడిగిన వరుస:

1. 3 లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు.
2. ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా ఇంజన్ ఆడించి, ఆపి, అరగంట. అంతకన్నా వద్దు, హెడ్డు అల్యూమినియం.
3. చల్లబడ్డాక దింపి, నల్లా నీళ్ళతో రెండుసార్లు కడగాలి.
4. ఇంకా రంగు వస్తే మరోసారి మొదటి నుంచి. నాకు వచ్చింది.
5. చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి.

నిమ్మ ఉప్పు 60, డిస్టిల్డ్ వాటర్ రెండు క్యాన్లు 200.

మే 4: 22 కి.మీ., 90 మి.లీ.

కొరివితో తల గోక్కున్నట్టయింది. మళ్ళీ పౌడరు, మళ్ళీ టెస్టర్. ఈసారి తడి వాటర్ బాడీ దగ్గర. షాపులో వాటర్ పంపు అని అడిగినా, షెడ్డులో అందరూ అనేది వాటర్ బాడీయే. దాని ఒంటికి కింద చిన్న బెజ్జం ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా ఆ బెజ్జంలోంచి బయటికి వస్తాయి, అంటే అది పంపు మనకు పంపే కబురు. ఆ బెజ్జానికి ఎంసీల్ పెట్టి మూసినవాళ్ళను చూశా, నెలలో బేరింగు అరుస్తుంది. బెల్టు వదులు చేసి పుల్లీని అటూ ఇటూ ఊపితే టకటక ఆడుతోంది. ఏప్రిల్ చివర్లో పోయిన ఆ 20 మి.లీ. ఇక్కడిదే, పెంకు, పసుపు అడ్డం ఉండి మిగతాది ఆపాయి.

ఇప్పటిదాకా ఖర్చు: 1,355. పని: 15.5 గంటలు.

దశ 7: వాటర్ బాడీ (మే 9–11)

పంపు ఒంటిగా రాలేదు, టైమింగ్ బెల్టు కూడా దింపాల్సి వచ్చింది. ఇంజన్ పై భాగాన్ని, కింది భాగాన్ని లెక్క తప్పకుండా కలిపి తిప్పే పళ్ళ బెల్టు అది. అంత దూరం విప్పాక పాత బెల్టు మళ్ళీ ఎక్కించడం పిసినారితనం. పంపు 950, బెల్టు 450, బెల్టును బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగు 420, సీలెంట్ 90.

1. బ్యాటరీ నెగెటివ్ తీసి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టి, ముందు చక్రం విప్పా. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు, కింద మొద్దు పెట్టాలి.
2. రెండు టైమింగ్ గుర్తులూ కలిపి, తెల్ల పెయింటుతో చుక్కలు పెట్టి ఫోటో తీసుకున్నా.
3. పంపు బోల్టుల్లో ఒకటి కదల్లేదు. బలవంతం చేయకుండా కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేశా, తెల్లారి పానాకు లొంగింది.
4. పాత ప్యాకింగ్ గీకడానికే గంటన్నర. స్క్రూడ్రైవర్‌తో గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయి, నేను పాత ప్లాస్టిక్ స్కేలు అంచు వాడా.
5. కొత్త పంపు, పల్చగా సీలెంట్, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగింపు.

పాత పంపు రెక్కలు చూస్తే ఎలుకలు కొరికినట్టున్నాయి, రెండు సగానికి అరిగాయి.

బెల్టు ఎక్కించి టెన్షనర్ వదిలా. స్టార్ట్ చేసే ముందు పానాతో ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పా, ఇది మాత్రం ఎవరూ మానొద్దు. తిప్పి చూస్తే కింది గుర్తు కలిసింది, పైది ఒక పన్ను పక్కకు పోయింది. టెన్షనర్ లాగినప్పుడు వదులు ఉన్న వైపు నుంచి బెల్టు జరిగింది. మళ్ళీ దింపి, వదులంతా టెన్షనర్ వైపే వచ్చేట్టు పట్టుకుని ఎక్కించి, మళ్ళీ రెండు చుట్లు. కలిసింది. దీనికే రెండు గంటలు, ఎండ 43, నీడలో కూడా పానాలు చేతికి చురుక్కుమంటున్నాయి.

ఇప్పటిదాకా ఖర్చు: 3,265. పని: 24.5 గంటలు.

దశ 8: నింపుడు (మే 11–12)

మనకు మంచు పడదు కదా కూలెంట్ ఎందుకు అని నేనూ అన్నవాణ్ణే. మనకు పనికొచ్చేది గడ్డకట్టకపోవడం కాదు, అందులోని తుప్పు ఆపే మందులు, పైగా నీళ్ళకన్నా ఎక్కువ వేడికి మరగడం. చిక్కటి కూలెంట్ 2 లీటర్లు 660, డిస్టిల్డ్ వాటర్ 100. సగం సగం బకెట్లో ముందే కలిపా. ఇది తియ్యగా ఉంటుంది, విషం. బకెట్ మీద మూత పెట్టండి, ఒలికితే నీళ్ళు కొట్టి కడగండి, వీధి కుక్కలు నాకితే చస్తాయి.

మొదటిసారి 2.3 లీటర్లకే మెడ నిండింది. దింపింది 2.9 అయితే మిగతా చోటు ఎవరిది? గాలిది. చూద్దాంలే అని స్టార్ట్ చేశా. పై పైపు కాలుతోంది, కింది పైపు చల్లగా, ఫ్యాన్ తిరగదు, ముల్లు పైకి. వెంటనే ఆపేశా. చల్లబడ్డాక ముందు చక్రాలు ఇటుకల వరుస మీదికి ఎక్కించి మెడ అన్నిటికన్నా ఎత్తులో ఉండేట్టు పెట్టి, పై పైపును చేత్తో పిసుకుతూ సన్నధారగా పోశా. గుటగుటమని బుడగలు. ఈసారి మొత్తం 3.1 లీటర్లు పట్టింది. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగింది, ముల్లు సగానికి కొంచెం కింద.

టెస్టర్: 13 నుంచి అరగంట తర్వాత 13.

మొత్తం ఖర్చు: 4,025. పని: 26.5 గంటలు. ఇందులో పై పైపు, ఎపాక్సీ, హెడ్ భయం తీసేస్తే పని ఇంకా తక్కువే.

దశ 9: పరీక్ష (మే 15–31)

మే 15న మిట్టమధ్యాహ్నం చెర్వుగట్టు గుట్ట ఎక్కించా, నలుగురం, ఘాట్ మీద రెండో గేరు. పైన గుడి దగ్గర ఆపితే ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ముల్లు మాత్రం సగం దాటలేదు. తెల్లారి సిరంజీ: 10 మి.లీ. అది మిగిలిన గాలి బయటికి పోయిన లెక్క, తర్వాత రాలేదు.

మే 18: 41 కి.మీ., 0
మే 22: నాగార్జునసాగర్ పోయి రావడం, 128 కి.మీ., 0
మే 27: 40 కి.మీ., 0. మైలేజీ 14 నుంచి 16.5, ఇది థర్మోస్టాట్ పుణ్యం.
మే 31: 41 కి.మీ., 0. అట్ట మీద మళ్ళీ ఒక చుక్క, గుండె గుభేల్‌మంది. వేళ్ళ మధ్య రుద్దితే జిడ్డు లేదు, వాసన లేదు, పది నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోయింది. ఏసీ నీళ్ళు.